ఎడమ పక్క మనిషి

బుధవారం నాటి పనులు వెల్కో ముందురోజే అనుకుని పెట్టుకున్నాడు. ఎనిమిదింటికి పొయ్యిలో బూడిద ఎత్తాలి. తొమ్మిదింటికి రుమ్యానా కొట్టుకు వెళ్ళి భార్య సంవత్సరీకం కాగితాలు అచ్చుకివ్వాలి. పదింటికల్లా ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. గెర్గీనా పోయి శనివారానికి ఏడాది. ఆ ఊళ్ళో మనిషి పోతే నలభయ్యో రోజుకి, ఆర్నెల్లకి, ఏడాదికి ఫొటోతో కాగితాలు అచ్చువేయించి గోడలకూ, చెట్లకూ, బస్టాపుకూ అంటిస్తారు. అంటించకపోతే పోయినవాళ్ళకేమీ కాదు. ఉన్నవాళ్ళకే తలవంపులు.

ఈసారి తలవంపులతో పోయేది కాదు. వెల్కో నలభై ఏళ్ళ కిందట ఓగోస్తా నది అవతలి నుంచి ఇల్లరికం వచ్చాడు. ఇల్లరికం వచ్చినవాడికి పడుకోవడానికి మంచం దొరుకుతుంది గానీ పూడ్చడానికి నేల ఉండదు. గెర్గీనా శ్మశానంలో తన పుట్టింటివాళ్ళ స్థలంలో తల్లి పక్కన ఉంది. ఆమెకు ఇవతల ఇంకొక్కరికి చోటుంది. ఆ చోటు గెర్గీనా అక్క సావ్కా చేతిలో ఉంది.

సావ్కాకీ అతనికీ ఏడాదిగా మాటల్లేవు. ప్రాణం పోయిన రోజు పొద్దున గెర్గీనా గుమ్మంలో నిలబడి, ఛాతీలో బరువుగా ఉంది, పట్నం తీసుకెళ్ళమంది. ఈ ఆట అయ్యాక వెళ్దాం అన్నాడు కంప్యూటర్‌లో పేకాడుతున్న వెల్కో. పట్నం వెళ్ళారు. అతనొక్కడే తిరిగొచ్చాడు. పూడ్చిన రోజు సావ్కా అందరి ముందూ అడిగింది, ఆ ఆట ఎంతసేపు పట్టిందని. నలభై నిమిషాలు అన్నాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు, క్షమాపణ అడగడం అంతకన్నా రాదు.

నలభయ్యో రోజు కాగితంలో అతను సావ్కా పేరు వేయించలేదు. ఆవిడ తన పేరుతో వేరే కాగితం అచ్చువేయించి అతని కాగితం మీద అంటించింది. అతను దాని మీద ఇంకొకటి అంటించాడు. శీతాకాలం వచ్చేసరికి బస్టాపు గోడ మీద గెర్గీనా ఏడు పొరల మందాన ఉంది. పోయిన వారం సావ్కా పోస్ట్‌మాన్ చోలో చేత కబురు పంపింది: "సంవత్సరీకానికి మనిషన్నవాడు వేసే కాగితం వేయమను. నా పేరు ముందుండాలి. అప్పుడు ఆ చోటు సంగతి ఆలోచిస్తాను. లేదంటే అందులో నేనే పడుకుంటాను."

రుమ్యానా కొట్లో మేకులూ, ఊలూ, కొవ్వొత్తులూ దొరుకుతాయి, కాగితాలూ అచ్చవుతాయి. ఫొటో కింద వేసే పద్యాల పుస్తకం ఒకటి గల్లా పక్కన వేలాడుతూ ఉంటుంది. నచ్చిన పద్యం నంబరు చెబితే చాలు. వెల్కో పద్నాలుగో నంబరు ఎంచుకున్నాడు, అది అన్నిటికన్నా చిన్నది కాబట్టి. ఆ నంబరూ, పేర్ల వరసా ఒక కాగితం వెనక రాసుకొచ్చాడు. కొత్త కాగితం పాడుచేయడం ఎందుకని ఆటపుస్తకం లోంచి ఒకటి చించాడు.

ఆటపుస్తకమంటే గీతల నోటుబుక్కు. వెల్కో కంప్యూటర్‌లో పోకర్ ఆడతాడు, చిల్లర పందేలు. ఎదుటివాళ్ళ మొహాలు కనిపించవు. కనిపించేదల్లా ఎవరు ఎన్ని ఆటలు ఆడారు, ఎన్నిసార్లు ముక్కలు పారేశారు, ఎప్పుడు పందెం పెంచారు, పెంచినప్పుడు తీరా తిప్పితే చేతిలో ఏముంది అన్నదే. దాన్నిబట్టి ఎవరు ఏయే ముక్కలతో దిగుతారో పట్టుకోవాలి. వెల్కో ఒక్కొక్కరికీ ఒక పేజీ కేటాయించాడు. ఒక్కరికి మాత్రం మూడు పేజీలయ్యాయి. పోర్చుగల్‌లో ఎక్కడో ఉండే మనిషి, గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటారు, ఆడో మగో తెలియదు. పదకొండు నెలలుగా రోజూ పదింటికి వచ్చి వెల్కోకు ఎడమ పక్కన కూర్చుంటారు. వెల్కో చించింది ఆ మూడో పేజీ.

"మేటర్ అంతా ఇందులో ఉందా, వెల్కో మామా?" అంది రుమ్యానా, మేకులు తూస్తూ.

"ఉంది. సావ్కా పేరు ముందు, నాది తరవాత."

"కాసేపు కూర్చోండి, అచ్చు తీసి చూపిస్తాను. తరవాత గొడవొద్దు."

"పదింటికి నాకు పనుంది. చోలో ఉత్తరాలతో పాటు అంటించేస్తాడు."

అతను వెళ్ళాక రుమ్యానా కాగితం తీసి చూసింది. ఒక పక్క రెండు పేర్లూ, ఒక అంకే. ఇంకో పక్క నిండా చేతిరాత. ఆమె చదివింది. మేకులు కొనడానికొచ్చినవాణ్ణి ఆగమని చెప్పి మళ్ళీ చదివింది. పద్నాలుగంటే పద్నాలుగు కాగితాలని అర్థం చేసుకుంది.

మధ్యాహ్నం దాకా వెల్కోకు ఆట బాగానే సాగింది. పన్నెండు దాటాక రెండు రాజులొచ్చాయి. పందెం పెంచాడు. గుడ్లగూబ తిరిగి పెంచింది. వెల్కో మళ్ళీ పెంచాడు. గుడ్లగూబ ఉన్నదంతా ముందుకు తోసింది. వెల్కో వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. ఈ గుడ్లగూబ ఇంతదాకా వచ్చిందంటే చేతిలో ఆసులైనా ఉండాలి, రాజులైనా ఉండాలి. రెండు రాజులు తన దగ్గరే ఉన్నాయి గనుక మిగిలిన రాజుల జత ఒక్కటే. ఆసుల జతలు ఆరు రకాలుగా రావచ్చు. ఏడింట ఆరుసార్లు తన పని అయిపోయినట్టే. రాజుల్ని పారేశాడు. మనుషుల్ని ఇలా అర్థం చేసుకోగలిగినవాడు ఆ జిల్లాలో ఇంకొకడు లేడని అతని నమ్మకం.

అప్పుడే కిటికీ మీద టకటకమని చప్పుడైంది. బయట చోలో, టోపీ చేతిలో పట్టుకుని.

"వెల్కో మామా, పన్నెండేళ్ళుగా అంటిస్తున్నాను. అంటిస్తూ ఏడవడం ఇదే మొదటిసారి."

"దేనికి?"

చోలో మిగిలిన కాగితం ఒకటి లోపలికి అందించాడు. నల్ల అంచు, గెర్గీనా ఫొటో, దాని కింద:

"ఓపిక ఉన్న మనిషి. వందలో పన్నెండుసార్లే ముందుకు రావడం, మిగతా ఎనభై ఎనిమిదిసార్లూ చడీచప్పుడూ లేకుండా వదులుకోవడం. మొదట్లోనే ఒత్తిడి పెడితే తప్పుకోవడం. ఇన్ని నెలల్లో ఒక్క అబద్ధం ఆడలేదు. తనంతట తాను ఎదురొస్తే అది నిజం. నమ్ము, తప్పుకో. ఒకసారి నమ్మక చాలా పోగొట్టుకున్నాను. ఎడమ పక్కన ఈ మనిషి ఉన్నంతకాలం నాకు లోటు లేదు. బలహీనత ఒక్కటే, దిగాక మధ్యలో వదల్లేకపోవడం. చివరిదాకా కూర్చుని పోగొట్టుకోవడం."

వెల్కో చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బస్టాపుకు పరుగెత్తాడు. అక్కడ బెంచీ మీద నలుగురు ముసలమ్మలు కాపలా కూర్చున్నట్టున్నారు. ఐదో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదువుతోంది.

"ఎనభై ఎనిమిదిసార్లు వదులుకుందట, పిచ్చిది."

"వీడు లెక్కపెట్టాడు చూడు. మా ఆయనకి నా పుట్టినరోజే తెలీదు."

"ఎడమ పక్కంటే మంచంలోనా?"

"చర్చిలో మాత్రం కాదులే. అక్కడికి వచ్చిన మొహమా."

వెల్కో కాగితం అంచు పట్టుకుని లాగబోయాడు. కళ్ళజోడావిడ అతని మణికట్టు పట్టుకుంది. "ఉండనీ నాయనా. సిగ్గుపడాల్సింది ఏడాది కిందట. ఇప్పుడు దేనికి?"

"ఇది తప్పు కాగితం."

"తప్పు ఒప్పుకున్న కాగితం. చదివాం."

చర్చి తలుపు మీది కాగితం చింపుదామని వెళితే ఫాదర్ గెరాసిమ్ అప్పటికే దాన్ని జాగ్రత్తగా ఊడదీసి లోపల పెట్టుకున్నాడు. శనివారం సమాధి దగ్గర చదువుతానన్నాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి పక్కింటి ఇల్కో కంచె మీద మోచేతులు ఆనించుకుని నిలబడ్డాడు. పొద్దుటి నుంచి తిన్నట్టు లేడు.

"ఏం పని చేశావయ్యా. మా ఆవిడ కాగితం ముందు పెట్టి, బతికుండగానే నా గురించి రాయి, లేదంటే పొయ్యి వెలిగించనంది. గంటన్నర నుంచి కూర్చున్నాను. ‘చిక్కుడుగింజల పులుసు బాగా వండుతుంది’ దగ్గర కలం ఆగిపోయింది."

"అదే ఇవ్వు."

"ఇచ్చాను. గింజలు పెరట్లో పారబోసింది."

ఈలోగా రుమ్యానా ఫోన్ చేసింది. చచ్చిపోయినవాళ్ళవి రెండూ, ఇంకా చావనివాళ్ళది ఒకటీ ఆర్డర్లొచ్చాయట. పుస్తకంలో పద్యాలొద్దంటున్నారు, వెల్కో మామ రాసినట్టు కావాలంటున్నారు. రాసిపెడతారా అని అడిగింది. వెల్కో ఫోన్ పెట్టేశాడు. కంప్యూటర్‌లో గుడ్లగూబ పక్కన అతని కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోబుద్ధి కాలేదు.

నాలుగింటికి సావ్కా వచ్చింది. అరుచుకుంటూ వస్తుందని సిద్ధపడ్డాడు. ఆవిడ మెల్లగా వచ్చి వంటింట్లో గెర్గీనా బల్ల దగ్గర కూర్చుంది. మడతపెట్టిన కాగితం ఒడిలో పెట్టుకుంది. అది చూసి వెల్కోకు నిజంగా భయమేసింది.

"నా పేరు ముందేశావు," అంది.

"నువ్వు వేయమన్నావు కదా, వదినా."

"ఊరంతా ఏడుస్తోంది. ఒకసారి నమ్మక పోగొట్టుకున్నానన్నావట. ఒప్పుకున్నావట. వెళ్ళి వాణ్ణి క్షమించు, ఆ చోటిచ్చెయ్ అని నలుగురు మా గేటు దగ్గర నిలబడ్డారు."

వెల్కో ఏమీ అనకుండా ఉంటే సరిపోయేది. ఆ చోటు అప్పటికే అతని చేతికి వచ్చినట్టే. అతను గోడకేసి చూశాడు, నేలకేసి చూశాడు, ఇంకేమీ దొరక్క నిజం చెప్పాడు.

"అది దాని గురించి కాదు, వదినా. కంప్యూటర్‌లో నాతో పేకాట ఆడే ఎవరిదో. కాగితం తిరగేసి అచ్చువేశారు."

"తెలుసు."

"తెలుసా?"

"వందలో పన్నెండు అని ఉంది. మా చెల్లి వందలో ఒక్కటి కూడా అడగలేదు. నలభై ఏళ్ళలో ఒక్కసారి అడిగింది. ఆ ఒక్కసారి నీకు తీరిక లేదు." ఆవిడ కాగితాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో నునుపు చేసింది. "నేను అందుకు రాలేదు. ఎవడో పరాయివాడు ఎప్పుడు దిగుతాడో, ఎప్పుడు తప్పుకుంటాడో, ఎక్కడ బలహీనుడో అంతా చూశావు. అంటే నీకు కళ్ళున్నాయి మరిదీ. గుడ్డివాడివనుకుని సరిపెట్టుకున్నాను ఇన్నాళ్ళూ."

వెల్కో నోటుబుక్కులో నూట నలభై మంది గురించి రాశాడు. గెర్గీనాకు కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. రెండా, అసలు లేదా. ఎదురుగా ఉన్న మనిషికి తెలుసు, అడగలేకపోయాడు.

"ఊళ్ళోవాళ్ళకి నిజం చెప్పమంటావా?" అన్నాడు చివరికి.

"చెప్పు. నమ్మరు. పైగా ఎంత వినయమో చూడు అంటారు." సావ్కా లేచి తలగుడ్డ సరిచేసుకుంది. "కోటు వేసుకో."

"ఎక్కడికి?"

"చోటు చూపిస్తాను."

శ్మశానంలో వర్షం పడి ఆగిన బురద. సావ్కా వాళ్ళమ్మ రాయి, దాని పక్కన గెర్గీనాది, దానికి ఇవతల గడ్డి మొలిచిన పట్టీ, ఆ తరవాత పక్కవాళ్ళ ఇనుప కంచె. సావ్కా అడుగు ముందు అడుగు వేసి కొలిచింది. రెండు అడుగులు దాటి మూడోది పట్టలేదు.

"ఇదేనా?" అన్నాడు వెల్కో.

"మా అమ్మ వెడల్పు మనిషి. చెల్లి గొయ్యి తవ్వినవాడు తాగి తవ్వాడు. ఉన్నది ఇంతే."

"నేను పట్టను, వదినా."

"వెల్లకిలా పట్టవు. పక్కకి తిరిగితే పడతావు."

"నిజంగా ఇస్తున్నావా?"

"ఇస్తున్నాను. క్షమించి కాదు. అక్కడ నీకు చూడ్డానికి ఇంకెవరూ ఉండరు, అందుకు."

ఆవిడ బూట్ల బురద కంచెకు రాసి గేటు వైపు నడిచింది. వెల్కో ఆ సన్నటి పట్టీ పక్కన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఎటువైపు తిరిగి పడుకోవాలో సావ్కా చెప్పలేదు, అతనూ అడగలేదు.