మొదటి పేరు ప్రేమమ్మది

ఆ ఆదివారానికి స్తుతి వేసుకున్న పథకం చాలా చిన్నది. మార్టూరు పక్కన వాళ్ళ ఊరి చర్చిలో కోతపండుగ విందు. ఏటా వడ్డన దగ్గర తోపులాటే. ఈసారి గేటు దగ్గర అందరూ పేర్లు చెబుతారు, స్తుతి ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తుంది, బల్ల ఖాళీ అయినప్పుడల్లా ల్యాప్‌టాపే వచ్చిన వరసలో మైకులో పిలుస్తుంది. అది ఆమె ప్లస్ టూ కంప్యూటర్ సైన్స్ ప్రాజెక్టు. "మనుషుల మధ్య నడిస్తేనే సంతకం పెడతాను. నా సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి కూర్చోనివ్వరు, తర్వాత నీ ఇష్టం," అని చైతన్యకృష్ణ మాస్టారు ముందే చెప్పారు. చూడడానికి తనే వస్తానన్నారు కూడా.

ప్రోగ్రాం రాసిన రోజు కిటికీ అవతల మిరపచేలు ఎర్రగా పండి ఉన్నాయి. జిన్నింగు మిల్లు వైపు నుంచి దూదిపింజలు తేలుతూ వచ్చాయి. ముందుది వెళ్ళేదాకా ఆగి, ఆ తర్వాతే వెనకది కదులుతున్నట్టు తోచింది స్తుతికి. లోకమంతా ఇలా నెమ్మదిగా వరసలో నడిస్తే ఎంత బాగుంటుందో అనుకుంటూ, మొదటి పేరు తీయమని చెప్పే సున్నాను బ్రాకెట్లలో పెట్టడం మరిచిపోయింది. సున్నా లేకపోతే చివరి పేరు వస్తుంది. పరీక్షించింది కానీ, నాయనమ్మ ప్రేమమ్మ పేరు ఒక్కటే పెట్టి పరీక్షించింది. ఒక్క పేరుకి మొదలేమిటి, చివరేమిటి?

ఆదివారం మొదటి పేరూ ప్రేమమ్మదే. ఆరాధనకి ముందే ఎక్కించుకుని, ఆరాధన అవగానే బల్లల పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది.

పన్నెండున్నరకి మైకు పలికింది. "కరుణాకర్." అప్పుడే బండి దిగి పేరు చెప్పిన కరుణాకర్ ఇంకా హెల్మెట్ కూడా తీయలేదు.

"ఏమే స్తుతీ! పొద్దుటినుంచి నేనిక్కడ దిష్టిబొమ్మలా కూర్చుంటే, ముందు వాణ్ణి పిలుస్తావేంటే?"

స్తుతికి సున్నా గుర్తొచ్చింది. ఆపుదామంటే గేటు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. ఈలోగా పాస్టర్ సంజీవరావు గారు మైకు అందుకున్నారు.

"చూశారా? ఆఖర్న వచ్చినోళ్ళని ముందు పిలుస్తోంది. కడపటివారే మొదటివారవుతారన్న ఇన్నేళ్ళ నా బోధ మీకు ఎక్కలేదు, యంత్రానికి ఎక్కింది!"

"ఆమెన్!" అన్నారందరూ.

ఇక ఆపడం ఎవరి తరం? బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చి పేరు చెబుదామని నలుగురు తెలివైనవాళ్ళు గేటు దాటారు. వాళ్ళని చూసి నలభై మంది, ఆ వెనక ఊరంతా. తీరా రోడ్డెక్కాక, ముందుగా లోపలికి రావడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

"మీరు పదండి అక్కా."

"అయ్యో, పెద్దోళ్ళు, మీరు పదండి బాబాయ్."

నిరుడు కోడికూర కోసం చొక్కాలు చింపుకున్నవాళ్ళు ఒకరికొకరు దండాలు పెట్టుకుంటూ దారి ఇచ్చుకుంటున్నారు. కిటికీలోంచి తను కలగన్న లోకం ఇదేననిపించింది స్తుతికి. ఒక్కరూ కదలడం లేదు, అంతే తేడా.

లోపల ల్యాప్‌టాప్ పిలుస్తూనే ఉంది. పలికేవాళ్ళు లేరు. చిట్టచివరికి "ప్రేమమ్మ" అంది. ప్రేమమ్మ ఖాళీ బల్లల మధ్య ఒక్కతే కూర్చుని, లెగ్ పీసులు ఏరి మరీ వేయించుకుంది.

మాస్టారు వచ్చి తెర మీదికి వంగారు. "సున్నా ఏదమ్మా?"

"దూది చూస్తూ మరిచిపోయాను సార్." స్తుతికి ఏడుపు ఆగలేదు. "ప్రాక్టికల్స్ పోయినట్టేనా సార్?"

"ఏడవకు. సున్నా పెట్టి మళ్ళీ నడిపించు. నా పేరు దాకా సరిగ్గా వస్తే సంతకం పెడతా."

"బాగానే ఉందిగా సార్, దాని జోలికెళ్ళకండి," అంది ప్రేమమ్మ ఎముక చప్పరిస్తూ.

స్తుతి సున్నా పెట్టింది. ముందొచ్చినవాళ్ళకే ముందని పాస్టర్ గారు మైకులో చెప్పగానే వినయమంతా ఆవిరైపోయి, ఊరు ఊరంతా గేటు మీద పడింది. "మీరు ముందు రండి మాస్టారూ," అని పాస్టర్ గారు పిలిచినా, "వద్దండి, వరస అంటే వరసే," అని మాస్టారు గోడ పక్కన నిలబడి, అందరి తర్వాత మూడువందల పన్నెండో పేరుగా తనది చెప్పారు.

ఒక్క పేరూ తప్పలేదు. మాస్టారి వంతు వచ్చేసరికి నాలుగైంది. కోడికూర గిన్నెలు అప్పటికే కడిగేస్తున్నారు. స్తుతి భయంభయంగా కాగితం చాపింది.

"ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోంది," అని రాసి సంతకం పెట్టి, మాస్టారు రసం అన్నం కలుపుకున్నారు.