గురక జీను, ఒక్క కూలరు

మా క్వార్టరులో కూలరు ఒక్కటే. మే నెల గోదావరిఖనిలో దాని ముందు చోటు ఎవరిదన్నది చిన్న విషయం కాదు.

మా ఆయన రఘుపతి బొగ్గుబాయిలో ఫిట్టరు. నైట్ షిఫ్టు దిగి వచ్చి, పొద్దంతా కూలరు ముందు పండుకుని గురక పెడతాడు. ఎంసెట్‌కు చదివే మా అమ్మాయి హర్షిణి చెవుల్లో దూది పెట్టుకుంది. దూది చాలలేదు. చివరికి ఆయన మంచాన్ని వరండాలో రేకుల కిందికి మార్చాను.

రెండు రోజులు ఆ రేకుల వేడికి కాలాక, ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"రమా, గురక నా తప్పు కాదు. జీనుల ఉంటదట."

"ఎవరన్నరు?"

"సైన్సు. జీనుల తప్పుంటే ఇప్పుడు సరిచేస్తున్నరు. మొదట్ల కత్తెర తీరు కత్తిరించేటోళ్లు. ఇప్పుడొచ్చిన పరికరంతోని జీను రాతల ఒక్క అక్షరం మారిస్తే చాలు. బేరింగు పోతే మోటరంత పారేస్తమా? జల్ది వస్తది మందు. అందాక నన్ను కూలరు కాడ పండుకోనీ."

నేను బీఎస్సీ జువాలజీ. చేతులు తుడుచుకుని, ఫోనులో ఆయన చూపించిన పరిశోధన పేజీ చదివాను.

"ఇది ఎలుకల మీద చేసిన్రు."

"ఎలుకలైతేంది?"

"అవి గురక పెట్టినట్టు ఎక్కడ లేదు."

"గది కాదు, పక్కకు చూడు. రంగుల చక్రం, మధ్యల నంబరు! ఈ పరిశోధన గురించి ఎంతమంది మాట్లాడుకుంటున్నరో చెప్పే లెక్క అది. లోకమంత దీని గురించే మాట్లాడుకుంటున్నరు."

"మాట్లాడినోళ్లల్ల చదివినోళ్లెందరు?"

"గది చక్రంల చూపియ్యరు."

సాయంత్రానికి కాలనీ గ్రూపులో వీడియో పెట్టాడు: 'గురక నేరం కాదు, వారసత్వం'. లైకులే లైకులు, అన్నీ మగవాళ్లవే. మరునాడు వెనక లైను సదానందం అన్న ఆ రంగుల చక్రాన్ని ప్రింటు తీయించి తన మంచం పైన గోడకు అంటించుకున్నాడు. పక్కింటి సారక్క గుమ్మంలోకి వచ్చి, "రమా, మీ ఆయన జీను మా ఇంటాయనకు గూడ అంటుకున్నది" అని చెప్పి పోయింది.

ఇక ఊరుకోలేదు.

"వారసత్వమంటున్నవు కద. మామను పిలువు. కూలరు ముందు పండుకోనీ. ఆయన గురక పెడితే చోటు నీది."

"పెట్టకుంటే?"

"ఎండకాలమంత వరండా."

"మా నాయన పెట్టకపోవుడా!" అన్నాడు. తండ్రి నిద్ర ఆయన ఏనాడూ వినలేదు. ఎప్పుడూ తనే ముందు నిద్రపోతాడు.

కాసిపేట నుంచి ముత్యం మామ, అత్త దిగారు. నైట్ షిఫ్టు నుంచి వచ్చీరాగానే రఘుపతి ఫోను నిలబెట్టి ఫేస్‌బుక్‌లో లైవ్ మొదలుపెట్టాడు. "అన్నలారా, జీను ఇప్పుడు మాట్లాడుతది" అని చెప్పి, కుర్చీలో వెనక్కి వాలాడు.

మామ పండుకున్నాడు. చప్పుడు లేదు. మామ నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఉందా అని చూసుకుంటానని అత్త నాకెప్పుడో చెప్పింది. ఆ సంగతి నేను ఈయనకు చెప్పలేదు.

కాసేపటికి జీను మాట్లాడింది, కుర్చీలోంచి. కూలరు మోత వినపడకుండా పోయింది. మామ ఉలిక్కిపడి లేచి, "లారీ ఎటు వచ్చింది?" అన్నాడు. ఫోను చూస్తూనే ఉంది. నేను ఆపలేదు.

రఘుపతి లేచి మొదట అడిగిన మాట, "ఎంతమంది చూసిన్రు?"

"నీ జీను వీడియోకు నాలుగింతలు."

"అంతమందా!" మొహం వెలిగింది. కింద రాసినవి చదివేదాకా వెలుగుతూనే ఉంది. తర్వాత మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

"నా దిక్కు చూడకు బిడ్డా," అంది అత్త.

ఆయన దిండు చంకన పెట్టుకుని తనే వరండా దారి పట్టాడు. మళ్లీ కూలరు ముందు పండుకున్న మామ కళ్లు తెరవకుండానే పిలిచాడు.

"రఘుపతీ, పోంగ పోంగ కూలర్ల రెండు బకెట్లు నీళ్లు పొయ్యి. మస్తు సల్లగున్నది. వానలు పడేదాక ఈన్నే ఉంట."