మంత్రిగారు కంపైల్ చేసిన కెర్నల్

"దేశంలోనే మొట్టమొదటి కోనసీమ కెర్నల్‌ని శుక్రవారం పది గంటల ఇరవై నిమిషాలకి నేనే స్వయంగా బూట్ చేసి జాతికి అంకితం చేస్తాను" అని మంత్రిగారు అమలాపురంలో ప్రకటించారు. కోనసీమ కెర్నల్ వేరే జిల్లాలో ఎలాగూ పుట్టదు కాబట్టి, మొట్టమొదటిదన్న మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ శుక్రవారం సభకి మైకూ తెరా నావే. అందువల్ల చరిత్రని దగ్గరుండి చూశాను.

కెర్నల్ అంటే, స్విచ్చి వేయగానే ముందు లేచి, కంప్యూటర్లో మిగతా భాగాలన్నిటికీ పని చెప్పేది. మలికిపురంలో తన ఇంటి కంప్యూటర్ మీద మూడు నెలలు కూర్చుని దాన్ని కంపైల్ చేసింది, అంటే రాసిన ప్రోగ్రామునంతా కంప్యూటర్‌కి అర్థమయ్యేలా కూర్చింది, సలోమి. మంత్రిగారి శాఖలో కాంట్రాక్టు ఉద్యోగి. ఇది బూట్ అయితే పర్మనెంట్ చేస్తామన్నారు.

ఇంట్లో బ్రహ్మాండంగా బూట్ అయింది. చూడ్డానికి వెళ్లిన జాయింట్ డైరెక్టర్ సుబ్రహ్మణ్యేశ్వరరావుగారికి మాత్రం తెర మీద మొదటి వరుస చూసి చెమటలు పట్టాయట.

"కంపైల్ చేసింది సలోమి అని పడుతోందేంటమ్మా?"

"ఎవరు చేస్తే వాళ్ల పేరు అదే రాసుకుంటుందండీ."

"మంత్రిగారు చేసేరని రాయించు."

"ఆయ్."

అలా మంత్రిగారికి అరగంటలో కంప్యూటర్ విద్య వచ్చేసింది.

గురువారం రాజోలు కల్యాణ మండపంలో కొత్త కంప్యూటర్ పెట్టి చుట్టూ రిబ్బను కట్టారు. సలోమి పరుగున వచ్చింది.

"ఇది మా ఇంటి కంప్యూటర్‌కి సరిపడా చేసిందండీ. దీన్లో డిస్కు వేరే రకం. ఒక్కసారి ఆన్ చేసి చూస్తానండీ."

"ప్రారంభోత్సవం కానిదాన్ని ప్రారంభిస్తావా? రిబ్బనుందిగా!" అన్నారు జాయింట్ డైరెక్టర్‌గారు.

"పోనీ మా ఇంటిదే తెచ్చేస్తానండీ."

"వాడేసినదాన్ని జాతికెలా అంకితం చేస్తామమ్మా?"

ఇంత పకడ్బందీ వాదన నేను కోర్టులో కూడా వినలేదు.

శుక్రవారం మంత్రిగారు రిబ్బను కత్తిరించి బటన్ నొక్కారు. "కంపైల్ చేసినవారు: గౌరవనీయ మంత్రివర్యులు" అని పడింది. చప్పట్లు. తర్వాత "డిస్కు కనపడలేదు. కెర్నల్ పానిక్" అని పడి బిగుసుకుపోయింది. మళ్లీ చప్పట్లు.

"పానిక్ అంటే ఏంటయ్యా?" అని మంత్రిగారు జాయింట్ డైరెక్టర్‌గారిని అడిగారు.

"కంగారండీ. తమర్ని ఇంత దగ్గర్నుంచి చూడ్డం దానికి మొదటిసారి కదండీ."

విలేకరులు ఫొటోలు తీస్తున్నారు. మంత్రిగారు తన పేరూ, దాని కింద పానిక్కూ చూసుకుని మైకు అందుకున్నారు. "ఒక ఆడపడుచు కష్టానికి నా పేరా? ఎంత అన్యాయం! ఆమె పేరే ఉండాలి!"

జాయింట్ డైరెక్టర్‌గారు సలోమిని పిలిచి పేరు మార్చమన్నారు.

"డిస్కు సంగతి కూడా చూసేస్తానండీ. గంటలో లేచిపోద్దండీ."

"డిస్కు జోలికెళ్లకు. పేరొక్కటే మార్చు."

మార్చింది. సలోమి పేరు, దాని కింద పానిక్. నాకు ఒళ్లు మండింది గానీ, మైకువాడి మాట ఎవరు వింటారు?

మంత్రిగారు ఆమెకి శాలువా కప్పి, ఓ ఉత్తర్వు చేతిలో పెట్టారు. పర్మనెంట్ చేసేశారనుకుని అందరికంటే ముందు నేనే లేచి చప్పట్లు కొట్టాను. ఆమె చదువుకుని నా చేతికిచ్చింది.

"సదరు కంప్యూటర్‌ను ముందుగా ఆన్ చేసి పరీక్షించనందున విధుల నుంచి తొలగించడమైనది."