పులిని చూసే కాలం

కూలర్ల మెకానిక్‌ను చాలా ఏళ్లుగా ఒక సందేహం పీడిస్తోంది. దేవుడికి మొక్కుకున్నవన్నీ ఎప్పటికప్పుడు తీర్చేశాడు. కానీ భార్యకిచ్చిన మాట కూడా మొక్కుల కిందికే వస్తుందా, రాదా? వస్తుందంటే మాత్రం పైలోకంలో అతను తలెత్తుకోలేడు. పెళ్లైన కొత్తలో ఆమెను జూకు తీసుకెళ్తే, అక్కడి పులి వీళ్లకు వీపు చూపించి పడుకుంది. భార్య చిన్నబుచ్చుకుంది. "అడవిలో చూపిస్తాలే, ఎదురుగా నడిచొచ్చే పులిని," అన్నాడు. ఆ తర్వాత పిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్లిళ్లు చేసుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. పులి మాత్రం అలాగే ఉండిపోయింది.

తప్పు ఎవరిదీ కాదు, కాలాలది. ఎండాకాలం అతనికి ఊపిరి సలపదు. చలికాలం ఆమెకు సలపదు. ఆమె బొంతలు కుడుతుంది. ఇద్దరికీ తీరికుండే వానాకాలంలో అడవి గేటుకు తాళం వేస్తారు.

ఆ రోజు పొద్దున పూజ ముగించి లేస్తూ, ఈసారి ఎలాగైనా సరే అని నిశ్చయించుకున్నాడు. ఏ కాలం మంచిదో కనుక్కుని, గుట్టుగా ఏర్పాట్లు చేసి, ఆఖర్న చెప్పి భార్యను ఆశ్చర్యపరచాలి. ఆమె బొంత మీద వంగి కుట్లు వేస్తుండగా పెరట్లోకి జారుకుని అన్నయ్యకు ఫోన్ చేశాడు. అన్నయ్య బళ్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి.

"ఎండాకాలంరా. గుంటలన్నీ ఎండిపోతాయి, నీళ్ల కోసం పులి తనే వస్తుంది."

"చలికాలం బావుంటుందని పేపర్లో రాశారే?"

"చలికాలం బావుండేది మనకి. పులికి కాదు."

"మరి ఎండలో మేం మాడిపోమూ?"

"నువ్వు వెళ్లేది పులి కోసమా, సుఖం కోసమా?"

దాంతో ఎండాకాలం ఖాయమైంది. అయితే ఎండల్లో మెకానిక్ వారం రోజులు కనబడకపోతే వీధి ఊరుకోదు. బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. వీధిలోని కూలర్లన్నీ ఇప్పుడే, ఈ చలిలోనే బాగుచేసి ఇచ్చేస్తే సరి.

ముందుగా వీధి చివర నర్సమ్మ ఇంటికెళ్లాడు.

"కూలరా? రెండు రగ్గులు కప్పుకున్నా వణుకు తగ్గట్లేదయ్యా."

"ఇప్పుడే చేయించేసుకోండమ్మా. తర్వాత నాకు కుదరదు."

"ఏం, ఎందుక్కుదరదు?"

అబద్ధమాడటం అతనికి చేతకాదు. నిజం చెబితే సాయంత్రానికి భార్య చెవిన పడుతుంది. "అంతా దేవుడి దయమ్మా," అని దణ్ణం పెట్టి, కూలరెత్తుకుని వచ్చేశాడు. నర్సమ్మ ఆస్పత్రిలో జీవితమంతా పనిచేసింది. ఇలా మాట్లాడే వాళ్లను చాలామందిని చూసింది.

మర్నాటికల్లా అతని ఇంటికి కూలర్లు వరసకట్టాయి. మోసుకొచ్చిన వాళ్లెవరూ బేరమాడలేదు. అందరూ అతని వంక అదోలా చూసి, "జాగ్రత్తయ్యా," అని గబగబా వెళ్లిపోయారు. మనుషులింత మంచివాళ్లని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

బాగుచేసిన కూలర్‌ను తిప్పి చూడకుండా ఇవ్వడం అతని ఇంటావంటా లేదు. తొట్లలో నీళ్లు పోసి అన్నింటినీ ఒకేసారి ఆన్ చేశాడు. ముందుగదిలో గాలివాన మొదలై, మూలన పేర్చిన బొంతల మీదికి జల్లు కొట్టింది.

"ఏమండీ, ఏంటిది?" అంది భార్య పళ్లు టకటకలాడుతుంటే.

"ఈసారి కాస్త ముందే మొదలెట్టాను."

"ముందంటే ఎండలకు ముందు. చలిలో కాదు."

ఆమె విసుక్కుంటూ కుట్టి పెట్టిన బొంత ఒకటి తెచ్చి అతని మీద కప్పి, లోపలికి వెళ్లింది. అతను దాన్ని తలమీదుగా లాక్కుని, ముక్కు కారుతుండగా, కూలర్ల మధ్య కూర్చుని పంపులు చూసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే నర్సమ్మ పళ్లు పట్టుకుని వచ్చింది. ఆమె కబురు చేయగా అన్నయ్య, బావమరిది కూడా దిగారు. వెనకాల సగం వీధి ఉంది. వణుకుతున్న మనిషిని చూడగానే అందరి అనుమానమూ తీరిపోయింది.

బావమరిది వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఇంత జరుగుతుంటే మాకెందుకు చెప్పలేదు?"

అన్నయ్య నోరు జారాడనుకున్నాడు మెకానిక్. "మీ అక్కకు మాత్రం చెప్పకురా. ఎండాకాలం దాకా గుట్టుగా ఉండనీ."

"ఎండాకాలమేనా? అంత తొందరగానా?"

"అది దాటితే కుదరదు. గేటు మూసేస్తారు."

ఏ గేటో బావమరిదికి అర్థం కాలేదు గానీ ఏడుపు మాత్రం ఆగలేదు. ఆ ఏడుపు విని భార్య పరుగెత్తుకొచ్చింది. నర్సమ్మ ఆమెను పట్టుకుని, "ధైర్యం తెచ్చుకోమ్మా," అంది.

"దేనికి?" అంది భార్య.

అన్నయ్య బుర్ర గోక్కుని, "నాకేం అర్థం కావట్లేదు. మొన్న పులిని చూడాలని ఫోన్ చేసినప్పుడు బానే ఉన్నాడే," అన్నాడు.

"ఏ పులి?" అంది వీధి.

మెకానిక్ తలొంచుకుని మొత్తం చెప్పాడు. జబ్బు లేదని తెలిశాక కొందరు సంతోషించారు. కొందరికి పళ్లు తెచ్చినందుకు కష్టమేసింది. వెంటనే ఏ కాలం మంచిదన్న చర్చ మొదలైంది. అన్నయ్య ఎండాకాలమన్నాడు, బావమరిది చలికాలమన్నాడు, నర్సమ్మ ఆ వయసులో ఏ కాలమూ మంచిది కాదంది.

భార్య కళ్లు తుడుచుకుంటూ ఒక్కో కూలరూ ఆపుకుంటూ వచ్చింది. "రేపు పొద్దున్నే బయల్దేరదాం."

"రేపా? నీ పని?"

"బొంతలన్నీ తడిపేశారుగా. అవి ఆరేదాకా నాకేం పని? మీ కూలర్లూ అయిపోయాయి. ఇద్దరికీ ఖాళీ. మనకిదే కాలం."

అడవిలో పొగమంచు కమ్ముకుని ఉంది. "ఈ మంచులో పులి పక్కనున్నా కనబడదు. ఎండాకాలం రావాల్సింది," అన్నాడు జీపు నడిపే గైడు. మెకానిక్ చేతులు జోడించి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. స్వామీ, నాకేం వద్దు, ఆవిడకి ఒక్కసారి చూపించు. జీపు ఆగింది. ఇంజను మొరాయించిందేమోనని భయపడి ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఖాళీ దారి. పక్కన భార్య ముఖం వెలిగిపోతోంది.

"ఎదురుగా నడిచొచ్చిందండీ. ఆగి నా వంకే చూసింది. మీరూ చూశారుగా?"

"నువ్వు చూశావుగా," అన్నాడు అతను.

ఇన్నేళ్ల బాకీ తీరిపోయింది. నాకేం వద్దన్న మాటను కూడా దేవుడు అంత శ్రద్ధగా వింటాడని మాత్రం అతను అనుకోలేదు.