ఎత్తిన కొమ్ము, ముగియని ప్రసంగం

కాలేయం పదికాలాలపాటు చల్లగా ఉండాలంటే ప్రతి వక్తా తనను తాను గమనించుకోవడం నేర్చుకోవాలి! ఇది నా సిద్ధాంతం.

నవ్వకండి. డాక్టర్లు గొంతు చించుకున్నా మా కఖేతి ద్రాక్షసీమలో వైన్ తాగడం ఎవరూ తగ్గించలేదు. ఒక్క శిక్షణ తరగతి తగ్గించింది! మాట్లాడే ముందు ఊపిరిని గమనించు, మాట్లాడుతూ చేతుల్ని గమనించు, మాట్లాడాక మనసును గమనించు. ఇన్ని గమనించేవాడు మాట్లాడేదెప్పుడు? వాడు మాట్లాడనిదే మేం తాగేదెలా? మా విందుల్లో తమదా ఉంటాడు, బల్లకి పెద్ద అన్నమాట. ఆయన ప్రసంగం ముగిసేదాకా చుక్క నోట్లో పడకూడదు.

రుజువు కావాలా? పోయిన ఆదివారం బద్రీ ఇంట్లో ద్రాక్షపందిరి కింద జరిగిన భోజనమే రుజువు.

బద్రీ తేనెటీగలు పెంచుతాడు. వాటితో ఎంతసేపైనా కబుర్లు చెబుతాడు గానీ, నలుగురు మనుషులు చేరితే నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. పశువుల డాక్టరు ఏతెరి అతన్ని చేసుకోవడానికి ఎప్పుడో ఒప్పుకుంది. చిక్కంతా వాళ్ల నాన్న రమాజ్‌తోనే.

"నోరులేని జీవాలతో మా అమ్మాయికి పగలంతా సరిపోతోంది. ఇంటికొచ్చాక కూడానా?" అన్నాడాయన. "నీ తరఫున మాట్లాడేవాణ్ణయినా తీసుకురా, వింటాను."

అందుకే బద్రీ నుగ్జార్ మామ కాళ్లావేళ్లా పడి తమదాగా కూర్చోబెట్టాడు. నుగ్జార్ నోరు విప్పితే రాళ్లు కూడా కంటతడి పెట్టేవి. కాకపోతే, ఆ వారమే రాజధాని త్బిలిసీ వెళ్లి పైన చెప్పిన శిక్షణ పొంది వచ్చాడు.

మేం గ్లాసులకు బదులు వాడే ఎద్దు కొమ్ముల నిండా వైన్ పోశారు. కొమ్ముకి అడుగుండదు కదా, నిండాక బల్ల మీద పెట్టడానికి లేదు. ఖాళీ చేసి దించాల్సిందే. నుగ్జార్ లేచాడు. అందరం కొమ్ములెత్తాం.

"మిత్రులారా!" అని ఆగాడు. "ఇప్పుడు నా గొంతులో కాస్త గర్వం వినిపించింది. ఒక్క క్షణం. దాన్ని పోనిస్తాను."

పోనిచ్చాడు. మేం చూస్తూనే ఉన్నాం, అది పోవడానికి చాలాసేపు పట్టింది.

"మిత్రులారా... ఎడం చెయ్యి ఊగింది, చూశారా? ఎందుకు ఊగింది? నా చిన్నప్పుడు మా నాన్న..."

"ఒరేయ్ నుగ్జార్, మీ నాన్న నాకూ తెలుసు. బంగారంలాంటి మనిషి. ముందు ఈ అబ్బాయి సంగతి చెప్పు!" అన్నాడు రమాజ్.

"నీ మాటలో విసుగుంది రమాజ్. దానివల్ల నాలో ఏం కదిలిందో చూసుకుని వస్తాను."

కళ్లు మూసుకుని నిజంగానే వెళ్లిపోయాడు! మనిషి లోపల ఎంత జనం ఉంటారో నాకు అప్పుడు అర్థమైంది. ఒకడు మాట్లాడబోతాడు. ఇంకొకడు వాణ్ణి కనిపెడుతుంటాడు. ఆ కనిపెట్టేవాడు సరిగ్గా కనిపెడుతున్నాడా లేదా అని మూడోవాడు తొంగి చూస్తుంటాడు. అంత మంది లోపలే ఉంటే, బయట బల్ల చుట్టూ కూర్చున్న మా మొహాలు ఎవడిక్కావాలి?

జున్ను రొట్టె చల్లారి చెప్పు అట్టలా బిగిసిపోయింది. పిల్లి ఒకటి మాంసం కాల్చిన చువ్వని నింపాదిగా ఈడ్చుకుపోయింది. కదిలితే వైన్ ఒలుకుతుందని ఎవరూ లేవలేదు, మర్యాదగా సాగనంపాం. రమాజ్ మోచెయ్యి వణుకుతోంది. వైన్ చొక్కా చేతిలోకి దిగి, చంక దాకా పాకి, అక్కణ్ణుంచి ఎటు వెళ్లిందో ఆయనకే తెలియాలి.

"ఇక నావల్ల కాదు. పారబోసి పోతున్నా!" అన్నాడాయన.

ఎత్తిన వైన్ తాగకుండా నేలపాలు చేస్తే ఆ ఇంటితో మాటలు తెగిపోయినట్టే. సంబంధం లేదు, ఏమీ లేదు. కొమ్ము ఒరుగుతోంది.

బద్రీ లేచాడు. తన గొంతు ఎలా ఉందో, చేతులు ఎక్కడున్నాయో అతనికి తెలియదు. ఆ మోచెయ్యి ఒక్కటే కనిపిస్తోంది.

"పారబొయ్యకు మామయ్యా! నీ చెయ్యి పీకేస్తోందని తెలుసు. నాకు మాటలు రావు. ఏతెరి ఇంటికొచ్చి మాట్లాడితే వింటాను. మాట్లాడకపోతే అలిసిపోయిందని తెలుసుకుంటాను. అంతే. ఇక తాగండి, మీకు పుణ్యముంటుంది!"

"ఇదేనా ప్రసంగం?" అన్నాడు రమాజ్.

"ఇదే నాన్నా," అంది ఏతెరి. "చాలదంటే చెప్పు, మిగతాది నుగ్జార్ మామ పూర్తి చేస్తాడు."

రమాజ్ ఒక్క గుక్కలో కొమ్ము ఖాళీ చేసేశాడు! తర్వాత బద్రీని కావలించుకుని ముద్దులతో రెండు బుగ్గలూ తడిపేశాడు. అల్లుడు ఏడ్చాడు. ఏతెరి ఇద్దరినీ కలిపి పట్టుకుంది, బెదిరిన ఎద్దుల్ని పట్టుకున్నట్టు.

కనుక పాఠకులారా, ఈ శిక్షణ వరమని ఇంకా ఒప్పుకోరా? వక్త నోరు మూయించింది, మూగవాడి నోరు తెరిపించింది! నాకున్న ఫిర్యాదల్లా ఒక్కటే, అదీ చాలా చిన్నది. తన ముక్కులో ఊపిరి ఏ పక్కనుంచి వెళ్తోందో చెప్పగల మనిషికి, చెయ్యి చాపితే అందేంత దూరంలో పెళ్లి కుదిరిన సంగతి తెలియలేదు.

నుగ్జార్ మామ అప్పుడే కళ్లు తెరిచాడు. బద్రీ వైపు చాలాసేపు చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ కుర్రాడు ఏడుస్తున్నాడేంటిరా? నా మౌనం అంత లోతుగా తగిలిందా?"