బొట్టు పడని కెమెరా

...అసలు కెమెరాతో ఫోటోలు తీయడమంత మోటుపని ఇంకొకటి ఉందా? ఇలా ఆలోచిస్తూ దేవరాజులు అద్దాల బీరువాకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆయుధపూజ రోజు. తిరుపతిలో ఆ పూట బొట్టు తప్పించుకునే వస్తువుండదు. వంటింట్లోంచి భార్య జ్ఞానాంబ గంధం, కుంకుమ పళ్లెంతో బయల్దేరింది.

బీరువాలో ఉన్నవి పాత ఫిల్మ్ కెమెరాలు. రీలుకు పన్నెండే ఫోటోలు, అవీ చతురస్రంగా వచ్చే మీడియం ఫార్మాట్ రకం. వాటిలో రెండు లెన్సుల జర్మనీ కెమెరాను చూడటానికి రేపు చెన్నై నుంచి పాత కెమెరాలు సేకరించే కుప్పుస్వామి వస్తున్నాడు. ఆయన భూతద్దంతో చూసి ‘మింట్’ అన్నాడంటే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందని అర్థం. రిటైరైన నాటి నుంచీ దేవరాజులు ఆ ఒక్క మాట కోసమే బతుకుతున్నాడు. దాని తోలు మీద కుంకుమ పడిందా, అంతే!

ఆయన వాదనలో తప్పేముంది, మీరే చెప్పండి! నగరిలో మురుగేష్ అనే ఆయన తన ఫోటో స్టూడియో మూసేస్తూ ఒక కెమెరా అమ్మాడు. ముప్పై ఏళ్లు ఆ ఊరి పెళ్లిళ్లన్నీ తీసింది. పాపం, ఇంక దానికేం విలువ? అదే వయసుది, ఒక్క పెళ్లీ చూడనిది, డబ్బాలోంచి బయటికే రానిది అయితే జనం ఎగబడతారు. జీవితమంతా ఏమీ చేయనందుకు ఇంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇలాంటి రసికులకు వాట్సాప్‌లో ఒక గ్రూపు కూడా ఉంది. పొద్దున లేస్తే కెమెరాల ఫోటోలే. వాటిని దేంతో తీస్తారు? ఫోన్‌తో! పోయిన నెల దేవరాజులు పెట్టిన ఫోటోలో, బీరువా అద్దం మీద, పూలు కడుతున్న జ్ఞానాంబ నీడ పడింది. “సార్, ఆ నీడ తీసేయండి, లెన్స్ సరిగా కనపడలేదు” అన్నారు సభ్యులు. ఆయన మర్యాద తెలిసినవాడు కనుక వెంటనే భార్యను కత్తిరించేశాడు.

ఈలోగా జ్ఞానాంబ హాల్లోకి వచ్చింది. మిక్సీకి బొట్టు. ఇస్త్రీపెట్టెకు బొట్టు. స్కూటర్‌కు మూడు. వైఫై డబ్బాకు కూడా! దేవరాజులు కుర్చీ రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె బీరువా వైపు చూడనైనా చూడకుండా దాటిపోయింది.

గెలిచాడు. మరి గుండెలో ఆ కలుక్కుమన్నదేమిటి?

“ఏమే, వీటిని మర్చిపోయినావా?”

“ఎందుకు మర్చిపోతా? పూజ పనిముట్లకు గదయ్యా. అవేం పని చేస్తాయని?”

“చెయ్యవా? షట్టర్ ఇంకా టక్కున కొడతాది!”

“కొట్టి ఏం తీసినాది? ఏదీ, నన్నొకటి తియ్యి, సూద్దాం.”

“ఇప్పుడా? రీలు లోపల తిరిగితే గీతలు పడవా? రేపు ఆయన వస్తాడు గదా...”

జ్ఞానాంబ పకపకా నవ్వింది. “ఊరికే అన్నాలేబ్బా. భయపడొద్దు. బాగా తుడిసి పెట్టుకో” అని పెరట్లోని బోరు మోటారుకు బొట్టు పెట్టడానికి వెళ్లిపోయింది.

బోరు మోటారుకు! దేవరాజులు అప్రయత్నంగా తన నుదురు తడుముకున్నాడు. ఖాళీగా ఉంది. అన్నిటికీ పెట్టింది, తనకు పెట్టలేదు. ఆలోచిస్తే తనూ మింట్ కండిషనే. రిటైరయ్యాక ఒక్క గీత పడలేదు. ఇంట్లో ఎవరికీ పనికి రాకుండా, దుమ్ము అంటకుండా, విలువ పెంచుకుంటూ కూర్చున్నాడు. కొనేవాడు మాత్రం ఎవడూ రావడంలేదు.

లేచి ఫ్రిజ్ తెరిచాడు. పెరుగు గిన్నె వెనక, పాడవకుండా చల్లగా దాచిన ఒక పాత రీలు ఉంది. సీలు విప్పనిది. దానికీ గ్రూపులో బోలెడు గిరాకీ. కిటికీలోంచి చూస్తే జ్ఞానాంబ మోటారు దగ్గర వంగి, వేలితో గంధం దిద్దుతూ ఉంది. ఎండ సరిగ్గా ఆమె చెంప మీద పడుతోంది.

దేవరాజులు వెండిరంగు సీలు అంచు పంటి కింద పెట్టి, పరపరా చింపేశాడు.