సరే అనడం ఐదో దశ

"ఆకాశానికి హద్దు లేదు. కాబట్టి మా ప్రభుత్వానికీ లేదు!" అని మంత్రి ఎరల్ టిండెల్‌గారు మా యాల్కా ఫ్లాట్ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో ప్రకటించినప్పుడు నేను వెనక బల్ల దగ్గర మాంసం కూరి కాల్చిన పైలు వేడి చేస్తున్నాను. ఊళ్లో ఉన్న ఒక్క బేకరీ నాదే. అందుచేత చరిత్ర ఎప్పుడు జరిగినా నేను పక్కనే ఉంటాను.

గని మూతపడ్డాక మా ఊరి లేతు మిషన్లు, వెల్డింగ్ షెడ్లు దుమ్ము కొట్టుకుపోతున్నాయి. ఇంకో మంత్రి అయితే ఏదో ఒక పని ఇప్పించి చేతులు దులుపుకునేవాడు. టిండెల్‌గారు అంత చిన్నగా ఆలోచించే మనిషి కాదు. చిన్న వర్క్‌షాపులన్నీ అంతరిక్ష పరిశ్రమలో అడుగు పెట్టాలన్నారు. ఎలా పెట్టాలో నేర్పడానికి ఐదు దశల శిక్షణ ఏర్పాటు చేశారు. మెడలో వేసుకోవడానికి కార్డులిచ్చారు. కార్డు మీద రాకెట్ బొమ్మ కూడా ఉంది. ఇంతకంటే ప్రభుత్వం ఏం చేస్తుంది?

మొదటి వరసలో క్లైవ్ ట్రెజైజ్ కూర్చున్నాడు. గనికి పంపుల విడిభాగాలు చేసిపెట్టేవాడు. ఇప్పుడు పని లేదు. లేతు అమ్మేయమని భార్య షెరిల్ రోజూ పోరుతోంది. కొనేవాడు వచ్చి చూసి కూడా వెళ్లాడు. క్లైవ్ మాత్రం షాపు తలుపుకి అట్టముక్క తగిలించి శిక్షణకు వచ్చేశాడు. అట్ట మీద ఇలా రాశాడు: "అంతరిక్షంలోకి వెళ్లాం. సోమవారం వస్తాం."

ఆ పూట పాఠం రాకెట్ కంపెనీవాళ్లతో ఎలా మాట్లాడాలి అన్నది. కంపెనీ మనిషిగా నటించడానికి అడిలైడ్ నుంచి ఒక నటి రావాలి. దారిలో ఆమె కారుకి కంగారూ అడ్డం వచ్చిందని ఫోనొచ్చింది. శిక్షకురాలు ప్రూడెన్స్ గోళ్లు కొరుక్కుంటూ ఉండగా తలుపు తోసుకుని ఒకావిడ పరుగున లోపలికొచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది. చేతిలో ఇనప రింగు ఉంది.

"అమ్మయ్య, వచ్చేశావా! కంగారూకి ఏం కాలేదు కదా?" అంది ప్రూడెన్స్.

"ఏ కంగారూ? నా పేరు డెస్పినా. తీరంలో మా రాకెట్ ప్రయోగానికి సిద్ధంగా నిలబడి ఉందండీ. ఇంధనం వాల్వులో ఈ రింగు పగిలింది. అడిలైడ్ నుంచి తెప్పించేంత టైము లేదు. ఊళ్లో ఏ షెడ్డు చూసినా తాళమే. ఇక్కడ లేతు ఉన్నవాళ్లెవరు?"

హాలంతా చప్పట్లు. మంత్రిగారు ముందుకు వంగి, "వస్తువు కూడా వెంట తెచ్చుకుంది చూడు! దీన్నంటారు అంకితభావం" అన్నారు.

ప్రూడెన్స్ క్లైవ్‌ను వేదిక ఎక్కించింది. క్లైవ్ రింగు అందుకుని అటూ ఇటూ తిప్పాడు. గని మూతపడ్డాక వాడి మొహంలో ఆ వెలుగు నేను చూడలేదు.

"ఓస్, ఇదేనా! భోజనాల వేళకి చేసిచ్చేస్తా."

ప్రూడెన్స్ ఎర్రకార్డు ఎత్తింది. "క్లైవ్! సరే అనడం ఐదో దశ. మనమింకా రెండో దశలో ఉన్నాం. ముందు మీ సంస్థ దార్శనికత చెప్పండి."

క్లైవ్ నాలుక కరుచుకున్నాడు. రింగు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, "రేపటి విశ్వం పట్ల మా షెడ్డుకి అచంచలమైన..." అని మొదలుపెట్టాడు.

"నాకు విశ్వం వద్దు బాబూ, రింగు కావాలి!" డెస్పినా వాడి చెయ్యి పట్టుకుని లాగింది. "రా, మీ షాపుకి పోదాం. ఇవాళ ఎగరకపోతే మా పెట్టుబడిదార్లు కంపెనీ మూసేస్తారు. నిజంగా చెబుతున్నా!"

"భలే చేస్తున్నావమ్మా," క్లైవ్ గొంతు తగ్గించాడు. "కానీ నన్ను ఫెయిల్ చేయించకు. సర్టిఫికెట్ తెస్తేనే లేతు ఉంచనిస్తానంది మా ఆవిడ."

డెస్పినా ఏడ్చేసింది. మంత్రిగారు రుమాలు తీసి కళ్లొత్తుకున్నారు. ఆమె వేదిక దిగుతుంటే ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఇంత పెద్ద మనిషి ఒక కళాకారిణికి లేచి నిలబడటం మా ఊరు ఎప్పుడూ చూడలేదు.

పోతూ పోతూ ఆమె నా బల్ల దగ్గర ఆగింది. "కనీసం నువ్వయినా నన్ను నమ్మావా?"

"నమ్మానండీ. నాకూ ఏడుపొచ్చేసింది. మాంసం పై ఒకటి తింటారా?" అన్నాను.

తినలేదు.

రాకెట్ ఎగరలేదని, కంపెనీ మూతపడిందని తరవాత పేపర్లో చదివాం. అంతరిక్ష రంగంలో నైపుణ్యం కొరత ఎంత తీవ్రంగా ఉందో దీన్నిబట్టే తెలుస్తోందని, శిక్షణ మరింత పెంచుతామని మంత్రిగారు ప్రకటన ఇచ్చారు. దూరదృష్టి అంటే అదీ.

చలికాలం పోయాక ఐదో దశకి అందరం మళ్లీ హాల్లో చేరాం. ఈసారి కంపెనీ మనిషిగా వేదిక మీదకి డెస్పినాయే వచ్చింది. మెడలో ప్రభుత్వ కార్డు, దాని మీద "కొనుగోలుదారు (నటన)" అని ఉంది. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న మనిషిని వెతికించి మరీ పిలిపించారట టిండెల్‌గారు. అంత సహజంగా ఇంకెవరూ చేయలేరట.

"ఈ రింగు చేసిస్తావా?" అడిగింది డెస్పినా. మొహంలో ఏ భావమూ లేదు.

క్లైవ్ దార్శనికత చెప్పాడు. నష్టభయం గురించి చెప్పాడు. ప్రూడెన్స్ తల ఊపగానే, "సరే!" అని అరిచాడు.

అందరం వాడి షెడ్డుకి వెళ్లాం. షెరిల్ కూడా గుమ్మంలో నిలబడి చూసింది. నేను పైలు పంచి వచ్చేసరికి రింగు తయారు. డెస్పినా దాన్ని వెలుతురుకి పట్టి చూసింది, వేలితో లోపలి అంచు తడిమింది.

"సరిగ్గా సరిపోతుంది," అంది చివరికి.

"అయితే దీన్ని ఎక్కడికి పంపమంటారు?" అడిగాడు క్లైవ్, చేతులు తుడుచుకుంటూ.

డెస్పినా మంత్రిగారి వైపు చూసింది. మంత్రిగారు కెమెరాల వైపు చూశారు.

"యాల్కా ఫ్లాట్ అంతరిక్షంలో అడుగు పెట్టింది!" అన్నారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. అలాంటి రింగులే ఇంకా చేయమని క్లైవ్‌కి ప్రభుత్వ ఆర్డరిచ్చారు. లేతు అమ్మలేదు. ఇద్దరు మనుషుల్ని కూడా పెట్టుకున్నాడు. శిక్షణకు వచ్చిన అతిథులందరికీ తలా ఒకటి, చిన్న గొలుసు తగిలించి, మంత్రిగారే స్వయంగా పంచిపెడుతున్నారు.

నాకూ ఒకటి ఇచ్చారు. రాకెట్ ఇంధనం ఒత్తిడికి కూడా చెక్కుచెదరదని డెస్పినా చెప్పింది. నిజమే, బేకరీ తాళంచెవులు దానికి తగిలించాను. ఇప్పటిదాకా ఒక్కటీ జారలేదు.